స్లాబ్ బేరం చేసేముందు

నమస్కారం. ఎండాకాలం మొదలైందంటే నల్లగొండ, పాలమూరు పక్క ఇల్లు కట్టుకునేవాళ్లు మేస్త్రీల చుట్టూ తిరుగుడే తిరుగుడు. తిరిగి తిరిగి చివరికి అడిగేది ఒకటే: "స్లాబ్ అడుగుకు ఎంత?" ఆయన ఒక రేటు చెప్తాడు, మనం పదో ఇరవయ్యో తగ్గించమని గుంజుతాం, అడ్వాన్స్ చేతిలో పెట్టేస్తాం. ఆ రేటులో ఏమేం ఉన్నాయో మాత్రం అడగం.

అది లేబర్‌కేనా, మెటీరియల్‌తోనా? సెంట్రింగ్, అంటే స్లాబ్ గట్టిపడేదాకా కింద మోసే రేకులు, కర్రల కిరాయి అందులోనే ఉందా? సలాక, అంటే ఇనుప చువ్వ, వంచి కట్టే కూలి? కాంక్రీటు కలిపే మిల్లర్, పోసింది కుదించే వైబ్రేటర్ ఎవరు తేవాలి? సజ్జలు, మెట్లు కొలతలో ఎట్ల కలుపుతారు? ఇవన్నీ ముందే తేల్చుకోండి. మిల్లర్ తిరగడం మొదలయ్యాక అడిగితే ఎవరూ వినరు.

ఇక మందం. కాగితం మీద ఉత్త "స్లాబ్" అని రాస్తే చాలదు, "ఐదంగుళాల స్లాబ్" అని రాయించండి. వెయ్యి చదరపుటడుగుల ఇంటికి ఐదు బదులు నాలుగంగుళాలు పోస్తే 83 ఘనపుటడుగుల కాంక్రీటు మిగులుతుంది, అంటే దగ్గర దగ్గర 18, 19 బస్తాల సిమెంటు. మెటీరియల్‌తో గుత్తకిచ్చినచోట ఆ మిగులు ఎవరికి పోతుందో నేను చెప్పాలా? ముందురోజు సాయంత్రమే టేపు పట్టుకొని స్లాబ్ అంచున నిలబెట్టే పక్కపలక ఎత్తు కొలుచుకోండి. మేస్త్రీకి కోపమొస్తే రానీయండి.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. దేవరకొండ దగ్గర మా మేనమామ ఇల్లు కట్టినప్పటి సంగతి. ముందర మూడున్నర అడుగుల బాల్కనీ పెట్టించాడు. స్లాబ్ రోజు పొద్దున్నే కూలీలు వచ్చారు, ఇంట్లోవాళ్లేమో సాయంత్రం దావత్ వంటల హడావిడిలో ఉన్నారు. పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు, పాలమూరు లేబర్‌తో పోయి వయసంతా డ్యాముల పనుల మీద గడిపిన మనిషి. ఊరికే చూద్దామని నిచ్చెన ఎక్కి, బాల్కనీ సలాక మీద కాలు పెట్టి నొక్కాడు. అది కిందికి దిగి రేకుకు తగిలింది. "ఈ సలాక పైన ఉండాలె బిడ్డా, గిట్ల కిందికి పోతే బాల్కనీ ఆగది" అన్నాడు. కాంట్రాక్టరు నవ్వి, "ఏం కాదు తాతా, పన్నెండు ఎంఎం వేసినం" అన్నాడు.

సలాక ఎంత లావుదైనా, ఉండాల్సిన చోట లేకపోతే లాభం లేదు. చేయి ముందుకు చాచి నీళ్ల బిందె పట్టుకొని చూడండి, భుజం పైభాగమే గుంజుతుంది. గోడ దాటి బయటికొచ్చిన బాల్కనీ కూడా అంతే, గుంజుడంతా పైవైపే. గది నడుమ స్లాబుకు గుంజుడు కిందివైపు. అందుకే మళ్లీ చెప్తున్నా: గది నడుమ సలాక కిందివైపు, బాల్కనీకి సలాక పైవైపు. ఆ బాల్కనీ సలాక ఇంటి లోపలికి కూడా బాగా పొడుగ్గా పోవాలి, బయటికొచ్చినంత కన్నా తక్కువ మాత్రం ఉండొద్దు.

పెద్దాయన మిల్లర్ ఆపించాడు. తుంట సలాకలు వంచి కుర్చీల్లాగ చేయించి, పైజాలీ, అంటే పైవరస సలాకల అల్లిక, కింద నిలబెట్టించాడు, కూలీలు సలాక తొక్కకుండా నడిచేందుకు పలకలు పరిపించాడు. అట్లనే కిందిజాలీ కింద పెట్టిన కంకర ముక్కలు తీయించి కవర్ బ్లాకులు పెట్టించాడు. వాటి పేరు చాలామంది ఓనర్లకు తెలియదు. సలాక రేకుకు అంటుకోకుండా కింద 20 ఎంఎం కాంక్రీటు ఉండేటట్టు చేసేవి అవే, లేకపోతే కొన్నేళ్లకే సలాక తుప్పుపట్టి పెచ్చులు ఊడతాయి. ఇదంతా అయ్యేసరికి గంట ఆలస్యమైంది, కాంట్రాక్టరు మాత్రం సాయంత్రం దాకా మొఖం మాడ్చుకునే ఉన్నాడు.

మిగతావి తొందరగా చెప్పేస్తా. కాంక్రీటు గట్టిదనం ఎం20 గ్రేడు కన్నా తక్కువ ఒప్పుకోవద్దు. ఇనుముతో వేసే కాంక్రీటుకు 2000 నాటి ఐఎస్ 456 అనే కాంక్రీటు నియమాల పుస్తకం పెట్టిన కనీసం అదే. సెంట్రింగ్ ఎన్ని రోజులకు విప్పాలో కూడా రాయించండి. నాలుగున్నర మీటర్లు దాటని గదికి ఆ పుస్తకం చెప్పే కనీసం ఏడు రోజులు, దాటితే పద్నాలుగు, అదీ మామూలు ఓపీసీ సిమెంటుకు. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే, బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకు ఇంకా ఆగాలి. రేకులు ఇంకో సైటుకు పోవాలని వాళ్లకు టెన్షన్ ఉంటుంది, బాల్కనీ కింది కర్రలైతే ఇంజనీరు చెప్పేదాకా ముట్టనీయకండి. మన దగ్గరి ఎండలకు పోసిన స్లాబ్ ఆరిపోకుండా నీళ్లు కట్టే పని ఎవరిదో కూడా ఆ కాగితం మీదనే ఉండాలి.

అన్నీ గుర్తుండవు అనుకునేవాళ్లు ఒక్క పని చేయండి. ఇంజనీరు ఇచ్చిన స్లాబ్ డ్రాయింగు జిరాక్స్ తీయించి, సలాక కట్టే మేస్త్రీ చేతికి ఒకటి ఇచ్చి, ఇంకొకటి మీ జేబులో పెట్టుకొని, స్లాబ్ ముందురోజు వెలుతురు ఉండగానే పైకెక్కండి. ముందు బాల్కనీ దగ్గరికి పోయి, సలాక మీద కాలు పెట్టి నొక్కి చూడండి.