వాల్హైమ్ కొత్తగా ఆడుతున్నారా? కత్తి తర్వాత, ముందు పొయ్యి వెలిగించండి

నమస్తే అందరికీ! ఈరోజు వాల్హైమ్. సేల్‌లో కనపడింది, గ్యాంగ్ అంతా కొనేశారు, డిస్కార్డ్ వాయిస్ చాట్‌లో కూర్చున్నారు. లోపలికి వెళ్లగానే ఒకడు జింక వెంటపడతాడు, ఒకడు పంది చేతిలో పోతాడు, ఇంకొకడు ఎవరికీ చెప్పకుండా చీకటి అడవిలోకి వెళ్లిపోతాడు. అరగంటలో అందరూ చచ్చి "ఇదేం గేమ్ రా బాబూ" అని బయటికొచ్చేస్తారు. మీ గ్యాంగ్‌కి ఆ గతి పట్టకూడదని ఈ వీడియో. నేను ఆడుతూనే మాట్లాడతాను. మధ్యలో పంది వస్తే ఆగుతాను, సర్దుకుపోండి.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఐరన్ గేట్ అని స్వీడన్‌లో ఒక చిన్న స్టూడియో. 2021 ఫిబ్రవరి 2న ఈ గేమ్‌ని ఎర్లీ యాక్సెస్‌లో, అంటే ఇంకా తయారవుతుండగానే, వదిలారు. మీరొక చచ్చిపోయిన వైకింగ్. వాల్కిరీ అనే దేవకన్య మిమ్మల్ని మోసుకొచ్చి ఒక రాళ్ల వలయం మధ్యలో పడేస్తుంది. వైకింగుల దేవుడు ఓడిన్ శత్రువుల్ని ఒక్కొక్కరినీ మట్టుబెట్టాలి. కథ అంతే, ఇంతకంటే అక్కర్లేదు కూడా. ఒక వరల్డ్‌లో 10 మంది దాకా ఆడొచ్చు.

ఇప్పుడు అసలు పాయింట్. ఈ గేమ్‌లో ఆకలితో ఎవరూ చావరు. ఏమీ తినకుండా రోజంతా తిరిగినా ప్రాణం పోదు. అందుకే కొత్తవాళ్లు తిండిని పట్టించుకోరు, కత్తి ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతారు. కానీ ఏమీ తినకపోతే మీ హెల్త్ 25, స్టామినా (పరుగుకి, కొట్లాటకి ఖర్చయ్యే ఓపిక) 50, అంతే. ఆ పైన వచ్చేదంతా కడుపులోంచే రావాలి. ఫైట్ గెలుస్తారా ఓడతారా అన్నది పొయ్యి దగ్గరే సగం తేలిపోతుంది.

అక్కడికి వచ్చే ముందు సెటప్ సంగతి చూసేద్దాం. చాలా గ్యాంగులు ఇక్కడే తగువు పడతాయి. వాల్హైమ్‌లో క్యారెక్టర్ వేరు, వరల్డ్ వేరు. వరల్డ్ హోస్ట్ దగ్గర, అంటే దాన్ని తన కంప్యూటర్‌లో తెరిచేవాడి దగ్గర నడుస్తుంది, క్యారెక్టర్ మీతోనే ఉంటుంది. హోస్ట్ గేమ్ ఆపేస్తే మిగతా వాళ్లందరూ బయటే. గుంటూరులో ఇద్దరు, హైదరాబాద్‌లో ఒకడు, డాలస్‌లో ఒకడు ఉన్న గ్యాంగ్ అనుకుందాం. డాలస్ వాడు హోస్ట్ అయితే, మనం ఇక్కడ రాత్రి అన్నం తిని కూర్చునే వేళకి వాడు ఆఫీసుకి బయలుదేరతాడు. ముగ్గురూ మెయిన్ మెనూ చూస్తూ కూర్చోవాలి. అందుకని ఎక్కువ మంది ఏ టైమ్‌కి కూర్చుంటారో ఆ వైపు వాడి దగ్గర వరల్డ్ పెట్టండి. లేదంటే ఎవరూ ఆడకపోయినా వరల్డ్‌ని నడుపుతూ ఉండే డెడికేటెడ్ సర్వర్ సాఫ్ట్‌వేర్, గేములు అమ్మే స్టీమ్‌లో ఫ్రీగానే దొరుకుతుంది, ఎప్పుడూ ఆన్‌లో ఉండే పీసీ ఒకటి ఉంటే చాలు.

ఇంకో మాట. క్యారెక్టర్ వేరు కాబట్టి, వేరే వరల్డ్‌లో ఆడి ఇనప సామాను నింపుకొచ్చిన హీరో ఒకడు మీ కొత్త వరల్డ్‌లో దిగొచ్చు. గేమ్ ఆపదు. కానీ మీరే ఆపండి. కొత్త వరల్డ్‌కి అందరూ కొత్త క్యారెక్టర్లే. మనం చెక్క గదతో పందిని కొడుతుంటే పక్కన వాడు ఇనప గొడ్డలి తిప్పుతుంటే ఇంకేం మజా ఉంటుంది?

సరే, దిగాం. ఇదిగో, రాళ్ల వలయం. ఈ ఎర్రగా మెరిసే రాయి మీద చెయ్యి పెట్టండి, మొదటి బాస్, అంటే పెద్ద శత్రువు, ఎక్కడున్నాడో మ్యాప్‌లో గుర్తు పడుతుంది. ఈ కాకి పేరు హ్యూగిన్, పక్కన వాలినప్పుడల్లా ఏదో ఒక సలహా చెబుతుంది. విసుక్కోకుండా వినండి, పనికొచ్చేవే చెబుతుంది. కింద పడున్న కొమ్మలు, రాళ్లు ఏరుకోండి. సుత్తి ఒకటి, గొడ్డలి ఒకటి చేసుకోండి.

గొడ్డలి చేతికి రాగానే అందరికీ చెట్టు నరకాలనిపిస్తుంది. నరకండి, కానీ ఎక్కడ నిలబడ్డారో చూసుకోండి. చూడండి, నేను ఇప్పుడు వాలులో పై వైపున ఉన్నాను. చెట్టు కిందికి పడింది... పక్క చెట్టుకి తగిలింది... అదీ పడింది... ఆ దుంగ దొర్లుతోంది చూశారా? ఆ దుంగ కింద మన హైదరాబాద్ వాడు బెర్రీలు కోసుకుంటూ ఉండుంటే అయిపోయేవాడు. గేమ్‌లో ప్లేయర్లు ఒకరినొకరు కొట్టుకోవడం మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. చెట్టుకి ఆ రూల్ లేదు. కొత్తవాళ్లలో చాలామంది మొదటి చావు చెట్టు కిందే. అందుకే నరికేవాడు మైక్‌లో ఒక్క కేక వేయాలి.

ఇక తిండి. ఒకేసారి మూడు రకాలు తినొచ్చు, మూడూ వేరువేరుగా ఉండాలి. కాల్చిన పంది మాంసం 30 హెల్త్ ఇస్తుంది. నీళ్ల ఒడ్డున బల్లుల్లా తిరిగే నెక్ అనే వాటి తోక కాలిస్తే 25. పుట్టగొడుగుకి 15. మూడూ తింటే 25 దగ్గరున్నవాడు 95 అవుతాడు. అదే మనిషి, అదే చెక్క గద, కానీ దెబ్బకి పడిపోయేవాడు కాస్తా నాలుగు దెబ్బలు కాచుకుని నిలబడతాడు. రాస్ప్‌బెర్రీలు హెల్త్‌కి పెద్దగా ఉపయోగపడవు, స్టామినాకి మంచివి. పరుగెత్తే పనుంటే అవి, కొట్లాట ఉంటే మాంసం.

కాల్చడంలో ఒక చిన్న గొడవ ఉంది. మంట పెట్టి, దాని మీద కుకింగ్ స్టేషన్ నిలబెట్టి, మాంసం తగిలించాం. రంగు మారే దాకా ఆగాలి. ఇదిగో, బ్రౌన్‌గా అయింది, తీసేశాను. ఇంకాస్త వదిలేస్తే బొగ్గు. నిజంగానే బొగ్గు అవుతుంది, ఇన్వెంటరీలోకి, అంటే మీ సామాన్ల సంచిలోకి, బొగ్గే వస్తుంది. ఆ బొగ్గు తర్వాత లోహం కరిగించడానికి పనికొస్తుందిలెండి, కానీ ఈ రాత్రికి మీకు కావలసింది మాంసం. గ్యాంగ్‌లో ఓపికున్న ఒకరికి పొయ్యి అప్పగించేయండి. మా దగ్గర ఆ పని చేసేవాణ్ణి వంటమాస్టర్ అని ఆటపట్టిస్తాం గానీ, వాడు ఆన్‌లైన్ లేని రోజు ఎవరూ అడవి వైపు తొంగి చూడరు.

ఇల్లు. మొదట వర్క్‌బెంచ్, 10 కట్టెలు. దానిమీద ఏమైనా తయారు చేయాలంటే పైన కప్పు ఉండాలి. చుట్టూ 20 మీటర్ల వరకూ శత్రువులు కొత్తగా పుట్టరు, కాబట్టి ఇల్లు పెద్దదైతే ఇంకో బెంచ్ పెట్టేయండి. విరిగిన సామాను రిపేర్‌కి ఇక్కడ ఒక్క కట్టె కూడా ఖర్చు కాదు. పక్కనున్న సుత్తి బొమ్మ నొక్కుతూ పోవడమే. ఇది తెలియక ప్రతిసారీ కొత్త గొడ్డలి చేసుకునే వాళ్లున్నారు.

మంట ఇంట్లో పెట్టాలంటే నేల మీదే పెట్టాలి, చెక్క ఫ్లోర్ మీద కుదరదు. మధ్యలో ఒక గడి వదిలి ఫ్లోర్ వేయండి. పొగ పోయే దారి కూడా వదలండి. వదలకపోతే ఏమవుతుందో ఇప్పుడే చూపిస్తాను. కప్పు మూసేశాను. పొగ చేరుతోంది... నిండుతోంది... అదిగో, హెల్త్ తగ్గడం మొదలైంది. సొంత ఇంట్లో, సొంత మంట దగ్గర కూర్చుని పోవడం అంటే ఇదే. కప్పు పైభాగంలో సందు వదిలి, దాని మీద కాస్త ఎత్తులో ఇంకో చిన్న కప్పు పెడితే పొగ పోతుంది, వాన పడదు.

ఆ మంట పక్కన కప్పు కింద కాసేపు కూర్చోండి. రెస్టెడ్ అని వస్తుంది. అప్పుడు స్టామినా రెట్టింపు వేగంతో నిండుతుంది. కొత్తవాళ్లు దీన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. నన్నడిగితే ఈ గేమ్‌లో అన్నిటికంటే గొప్ప ఆయుధం ఇదే. ఇంట్లో కుర్చీ, బల్ల, పరుపు లాంటివి పెరిగిన కొద్దీ కంఫర్ట్ పెరుగుతుంది, రెస్టెడ్ ఎక్కువసేపు ఉంటుంది. అందుకే ఇల్లు అలంకరించే వాణ్ణి తిట్టకండి, వాడు గ్యాంగ్ మొత్తానికీ పని చేస్తున్నాడు.

రోజు మొత్తం 30 నిమిషాలు. రాత్రి దాటించాలంటే అందరూ పడుకోవాలి, ఒక్కడు మేలుకున్నా తెల్లారదు. ముగ్గురు మంచాల మీద ఉంటారు, నాలుగోవాడు "రెండు నిమిషాలు రా, ఈ ఒక్క చెట్టు" అంటాడు. మనిషికో మంచం ఉండాలి. దాని మీద ఒకసారి నొక్కి మీది చేసుకుంటే, చచ్చిపోయినా అక్కడే లేస్తారు. లేదంటే ఆ రాళ్ల వలయం దగ్గర్నుంచి మళ్లీ నడక.

చావు గురించి కూడా చెప్పుకోవాలి. చస్తే సామానంతా ఒక సమాధి రాయిలో ఉండిపోతుంది, స్కిల్స్ కాస్త తగ్గుతాయి, కడుపులో తిన్నదంతా పోతుంది. చాలామంది ఆ టెన్షన్‌లో ఖాళీ కడుపుతో, ఒంటి మీద ఏమీ లేకుండా సామాను కోసం పరుగెత్తుతారు. 25 హెల్త్‌తో. ఇందాక మిమ్మల్ని చంపింది ఇంకా అక్కడే ఉంటుంది. సమాధి ఎక్కడికీ పోదు. తినండి, పక్కవాణ్ణి తీసుకెళ్లండి.

ఇప్పుడు నెట్ సంగతి, మన వాళ్లకి ఇది బాగా అవసరం. వాల్హైమ్‌లో ఒక ప్రాంతంలోకి ఎవరు ముందు అడుగు పెడితే, అక్కడి శత్రువులు ఎలా కదలాలన్న లెక్కంతా వాళ్ల కంప్యూటరే చేస్తుంది. డెడికేటెడ్ సర్వర్ పెట్టినా అంతే. మొబైల్ హాట్‌స్పాట్ మీద ఆడేవాడు ముందు పరుగెత్తాడంటే, మిగతా అందరికీ శత్రువులు అక్కడో చోట మాయమై ఇక్కడో చోట తేలుతుంటారు. మీరు డాలు ఎత్తే లోపలే దెబ్బ పడిపోయి ఉంటుంది. కాబట్టి నెట్ గట్టిగా ఉన్నవాడు ముందు, హాట్‌స్పాట్ వాడు వెనకాల. వాడు కాస్త అలుగుతాడు, ఫర్లేదు.

మొదటి బాస్ ఐక్తిర్, పెద్ద దుప్పి లాంటి వాడు, కొమ్ముల నుంచి పిడుగులు వదులుతాడు. మ్యాప్‌లో గుర్తు పడిన చోట ఉండే రాతి పీఠం మీద రెండు జింక తలలు పెడితే వస్తాడు. జింకల కోసం వంగి నడవండి, క్రూడ్ బో అనే నాటు విల్లు ఒకటి చేసుకోండి. 8 కట్టెలకి 20 బాణాలు వస్తాయి, పొదుపు అక్కర్లేదు. గ్యాంగ్‌లో మనిషి పెరిగిన కొద్దీ బాస్ హెల్త్ కూడా పెరుగుతుంది, నలుగురం ఉన్నాం కదా అని ఖాళీ కడుపుతో పోకండి. ఒకరు డాలుతో ఎదురుగా, మిగతా వాళ్లు దూరం నుంచి బాణాలు. చూడండి, ముందు కాళ్లు ఎత్తాడంటే నేలని గుద్దబోతున్నాడు, వెనక్కి దొర్లాలి. దొర్లాను. మళ్లీ బాణం... పడిపోయాడు!

వాడి తల తీసుకెళ్లి రాళ్ల వలయం దగ్గర తగిలిస్తే అందరూ వాడి శక్తి తీసుకోవచ్చు, కాసేపు పరుగుకి, గెంతుకి స్టామినా తక్కువ ఖర్చవుతుంది. గట్టి కొమ్ములు దొరుకుతాయి, ఒక్కో కొమ్ముకి ఒక్కో పికాక్స్, అంటే తవ్వే గునపం. కొమ్ములు అందరికీ చాలకపోతే ఇంకో రెండు జింక తలలు తెచ్చి మళ్లీ పిలవండి, ఎన్నిసార్లయినా వస్తాడు. పికాక్స్ ఉంటేనే బ్లాక్ ఫారెస్ట్ అనే చీకటి అడవిలో రాగి, తగరం తవ్వుకోగలరు. అక్కడ ట్రోల్ అనే నీలం రంగు రాక్షసుడు కనపడితే ఎదురు నిలబడొద్దు, రాగి బండ చాటుకి పరుగెత్తండి. వాడు మిమ్మల్ని కొట్టబోయి చెట్లనీ బండనీ పగలగొడతాడు, మీరు కింద రాలిన రాగి ఏరుకోండి.