ఎర్ర కణంలో టిచ్ బటన్: సికిల్ సెల్ జబ్బులో అసలేం జరుగుతుంది?

[క్లోజప్: పసిపిల్ల గౌనుకున్న టిచ్ బటన్. నొక్కితే టప్‌మని చప్పుడు]

ఒకవైపు బొడిపె, ఇంకోవైపు గుంట. నొక్కితే టప్‌మని పడిపోతుంది. ఈ వీడియో అంతా ఇలాంటి బటన్ గురించే. కాకపోతే అది గౌనుకు లేదు, ఎర్ర రక్తకణం లోపల ఉంది.

[యానిమేషన్: కెమెరా ఎర్ర కణం లోపలికి దూరుతుంది]

ఒక్కో ఎర్ర కణంలో దాదాపు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు ఉంటాయి. సంక్రాంతికి ఊరెళ్లే ఆర్టీసీ బస్సు కూడా ఇంత ఇరుగ్గా ఉండదు. అయినా గొడవ లేదు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఎక్కించుకోవడం, ఒంట్లో దించి రావడం, ఇదే వాటి పని. ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతాయి కానీ పట్టుకుని వేలాడవు.

హీమోగ్లోబిన్ ఒక ప్రొటీన్. అందులో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు. బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చి ఉంటాయి. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో ఆరో పూస మారిపోతుంది. గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వస్తుంది. మొదటిదానికి నీళ్లంటే ఇష్టం. రెండోది నూనె రకం, నీళ్లకు దొరక్కుండా నక్కడానికి చోటు వెతుకుతుంది. మన బొడిపె అదే.

మరి గుంట? అసలు తమాషా ఇక్కడే ఉంది. ఆ గుంట మామూలు హీమోగ్లోబిన్‌లోనూ ఉంటుంది, మీలో, నాలో కూడా. పట్టే బొడిపె లేదు కాబట్టి దానివల్ల ఏ ఇబ్బందీ లేదు.

[యానిమేషన్: ఆక్సిజన్ దిగగానే అణువు ఆకారం మారి, పక్కదానికి టప్‌మని అతుక్కుంటుంది]

ఆక్సిజన్ దించగానే హీమోగ్లోబిన్ ఆకారం కొద్దిగా మారుతుంది. బొడిపె గుంటలో సరిగ్గా పడేది అప్పుడే. ఒకటి పడితే దాని వెనక ఇంకోటి. తాడు పేనినట్టు 14 పేటల పోగులు తయారవుతాయి. అవి లోపలి నుంచి పొడుచుకుంటే గుండ్రటి కణం కొడవలిలా వంగుతుంది. ఈ కొడవలి ఆకారాన్ని షికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్ 1910లోనే రాసిపెట్టాడు. తేడా హీమోగ్లోబిన్‌లోనే ఉందని లైనస్ పాలింగ్ బృందం 1949లో చూపించింది. ఆ తేడా ఒకే ఒక్క పూసదని ఆ తర్వాత వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ హీమోగ్లోబిన్ పనికిరాకుండా పోలేదు. ఆక్సిజన్ ఇప్పటికీ మోస్తుంది. పట్టుకోకూడని పక్కదాన్ని పట్టుకోవడమే జబ్బు.

[తెరపై: సన్నటి రక్తనాళం, మూలన గడియారం]

మరి ఆక్సిజన్ దించిన ప్రతిసారీ కణం వంగిపోవాలి కదా? పోదు. పోగు మొదలవడానికి కొంచెం టైమ్ పడుతుంది. ఆలోపు కణం సన్నటి నాళాలు దాటి ఊపిరితిత్తులకు చేరితే, ఆక్సిజన్ ఎక్కి బటన్ ఊడిపోతుంది. అంటే రోజంతా ఒక పరుగు పందెం నడుస్తూనే ఉంటుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే కణం ముడుచుకుని హీమోగ్లోబిన్ ఇంకా చిక్కబడుతుంది. చిక్కదనం కాస్త పెరిగినా ఆ టైమ్ బాగా తగ్గిపోతుంది. కణం దారిలోనే వంగి ఇరుక్కుంటుంది. దాని వెనకవి ఆగిపోతాయి. ఎముకలు పగిలిపోతున్నంత నొప్పి అప్పుడే. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతికితే ఇవి 10, 20 రోజులకే పోతాయి. రక్తహీనత అందుకే.

ఆదిలాబాద్ గోండు గూడేల్లో, పాడేరు, అరకు మన్యంలో ఈ జబ్బు ఉన్న కుటుంబాలున్నాయి. ఆరో పూసను మార్చే జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు.

[తెరపై: నిద్రపోతున్న పసిబిడ్డ]

ఈ జబ్బుతో పుట్టిన పిల్లలు కూడా మొదటి కొన్ని నెలలు హాయిగానే ఉంటారు. కడుపులో ఉన్నప్పటి హీమోగ్లోబిన్ ఇంకా మిగిలి ఉంటుంది కాబట్టి. దానికి బీటా గొలుసు బదులు గామా గొలుసు ఉంటుంది. అది ఆ పోగులో ఇమడదు, మధ్యలో దూరి పేనడం చెడగొడుతుంది. హైడ్రాక్సీయూరియా మాత్ర చేసే ముఖ్యమైన పని ఆ పాత హీమోగ్లోబిన్‌ను మళ్లీ పెంచడమే. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్యాస్జెవీ అనే జన్యు సవరణ చికిత్సదీ అదే దారి. గామా గొలుసును ఆపేసే బీసీఎల్‌11ఏ అనే ప్రొటీన్‌ను అది రక్తం తయారుచేసే మూలకణాల్లో జన్యువును సవరించి, వాటి నుంచి పుట్టే ఎర్ర కణాల్లో తగ్గించేస్తుంది. ఆరో పూస తప్పు అలాగే ఉంటుంది, ఎవరూ దిద్దరు. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. గూడెంలో ఆ మాట ఎత్తినా నవ్విపోతారు.

అక్కడ చేతికి అందేవి మాత్ర, నీళ్లు. ఈ పిల్లల కిడ్నీలు నీళ్లను సరిగ్గా పట్టి ఉంచలేవు, అందుకే ఎక్కువసార్లు పాస్‌కి వెళ్లాల్సి వస్తుంది. టీచర్లు ఎవరైనా చూస్తుంటే, మీ క్లాసులో ఇలాంటి బిడ్డ ఉంటే, పాఠం మధ్యలో నీళ్లు తాగుతానన్నా, బయటికి వెళ్తానన్నా ఆపకండి.

[తెరపై: బెంచీ మీద నీళ్ల సీసా]