బాడీ ఎర్త్ వేరు, బ్యాటరీ నెగటివ్ వేరు

(విజయవాడ పటమటలో, సోలార్ పెట్టించుకున్న ఇళ్లవాళ్లూ ఎలక్ట్రీషియన్లూ కలిసిన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఆదివారం పొద్దున్నే, ఈ ఎండలో, ఎర్తింగ్ గురించి వినడానికి ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. మా ఇంట్లో అయితే నేనీ మాట ఎత్తగానే టీవీ సౌండు పెంచేస్తారు.

నా సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో, పవర్ ప్లాంట్ గదుల్లో చేశాను. 48 వోల్టుల బ్యాటరీలు, 19 అంగుళాల ర్యాకులు, ఇవే నా ప్రపంచం. రిటైరయ్యాక వీటి గొడవ వదిలిందనుకుంటే, ఆ ర్యాకులే ఇప్పుడు జనం ఇళ్లల్లోకి వచ్చేశాయి. లోపల లెడ్ యాసిడ్ పోయి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వచ్చింది. 16 సెల్స్, ఒక్కోటి 3.2 వోల్టులు, మొత్తం 51.2. అలాంటి 100 ఏహెచ్ పెట్టె ఒకటి 5 యూనిట్ల పైచిలుకు కరెంటు దాస్తుంది. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చి 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ అనేసరికి మన వీధుల్లో ప్యానెళ్లు మొలిచాయి. ఆ వెనకే, కరెంటు పోతే ఎలా అని, ఈ ర్యాకులు.

ఆ మధ్య భవానీపురం నుంచి మాకు తెలిసినావిడ ఫోన్ చేసింది. "బాబాయ్ గారూ, బ్యాటరీ బీరువా తుడుస్తుంటే చెయ్యి జివ్వుమంటోంది. ఒకసారి వచ్చి చూస్తారా?" వెళ్లాను. మెట్ల కింద చిన్న గది. ఇనప యాంగిల్స్‌తో ఫ్రేము చేసి, పైన సోలారునీ వీధి కరెంటునీ బ్యాటరీనీ కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టరు, కింద ర్యాకులో మూడు బ్యాటరీలు. వంటింట్లో ప్లగ్గు ఎర్త్ నుంచి పొడుగాటి వైరు లాక్కొచ్చి, మీటరు ఒక కొన దానికీ రెండో కొన ర్యాకుకీ పెట్టాను. ఏసీలో 110 పైన చూపించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. బ్యాటరీ ఉన్నది 52 వోల్టులు, అదీ డీసీ. మరి ఈ 110 ఏసీ ఎవరిది? ఇన్వర్టరుది. దాంట్లో ఫేజ్ నుంచి బాడీకి, అంటే బయటి లోహపు పెట్టెకి, న్యూట్రల్ నుంచి బాడీకి ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. బాడీని ఎర్త్‌కి కట్టకపోతే, ఆ రెండింటి మధ్య బాడీ 230లో సగం దగ్గర తేలుతూ ఉంటుంది. ఇన్వర్టరు ఫ్రేము మీద, ఫ్రేము ర్యాకుకి ఆనుకుని. పాపం, బ్యాటరీ ఏ పాపం ఎరగదు. ప్రాణం తీసేంత కరెంటు కాదది. కానీ రేపు లోపల నిజంగా ఫేజ్ తెగి బాడీకి తగిలితే, అదే ఇనుము మీదకి 230 వస్తుంది.

ఇన్వర్టరు కింద ఆకుపచ్చ వైరు నీటుగా బిగించే ఉంది. అవతలి కొస ఎక్కడ కలిపారో చూద్దామని మెల్లగా లాగాను. వైరు మొత్తం చేతిలోకి వచ్చేసింది. కేసింగులో దూర్చి వదిలేశారు. పెట్టినవాళ్ల పేరు నేను చెప్పను, ఆవిడే ఎక్కడా చెప్పలేదు. ఎర్త్ సరిగ్గా కట్టాక మీటరు అర వోల్టు కూడా చూపించలేదు. అయినా ఆవిడ ఇప్పటికీ చెప్పులేసుకునే ఆ గదిలోకి వెళ్తుంది!

అసలు నేనీ కథ ఎత్తింది ఇందుకు కాదు. నాకంటే ముందు ఆ ఇంటికి ఆటోనగర్ కుర్రాడొకడు వచ్చి చూశాడట. లారీ వైరింగులో మంచి పనివాడు. "ఏం లేదండీ, బాడీ ఎర్త్ లేదు. నెగటివ్ తీసి ర్యాకుకి బిగిస్తే పోతుంది" అన్నాడు. ఆవిడ ఎందుకో ఆగి నాకు ఫోన్ చేసింది. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. అతని లోకంలో బాడీ ఎర్త్ అంటే అదే. లారీలో బ్యాటరీ నెగటివ్ ఛాసిస్‌కి కలుస్తుంది, లైట్ల నుంచి తిరుగు కరెంటంతా ఇనుములోంచే వస్తుంది. సగం వైరు మిగులుతుంది. అక్కడ ఎర్త్ అంటారు గానీ, టైర్ల మీద నిలబడ్డ బండికి భూమితో ఏం పని?

మా ఎక్స్‌ఛేంజీలో ఇంకో ఆచారం. అక్కడ ప్లస్‌ని భూమికి కలుపుతాం. అందుకే మైనస్ 48 అంటాం. భూమిలో పడుకున్న రాగి కేబుళ్లు తుప్పు పట్టి తినేయకుండా పాతకాలం నుంచి వస్తున్న ఏర్పాటు అది. ఒక లోకంలో మైనస్, ఒక లోకంలో ప్లస్. మరి ఇంటి సోలార్‌లో ఏది కట్టాలి? చాలావాటిలో రెండూ కట్టకూడదు. బాడీని కడతాం, ప్లస్‌నీ మైనస్‌నీ భూమికి కలపకుండా తేలనిస్తాం.

ఎందుకంటే ఇప్పటి ఇన్వర్టర్లలో చాలావరకు లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ లేదు. పైనుంచి, వరసగా కలిపిన ప్యానెళ్ల స్ట్రింగు 300, 400 వోల్టుల డీసీతో దిగుతుంది. ఒక పక్క గ్రిడ్డు, అంటే వీధి కరెంటు, ఒక పక్క బ్యాటరీ. కొన్ని మోడళ్లలో బ్యాటరీ వైపుకీ ఆ మిగతా రెండింటికీ మధ్య పూర్తి అడ్డుగోడ ఉండదు. అలాంటిదానికి మీరు మైనస్ తీసి ఎర్త్ చేస్తే, కరెంటు తిరగడానికి కొత్త దారి తీసినట్టే. అదృష్టం బాగుంటే ఎర్త్ ఫాల్ట్ అని ఆగిపోతుంది. లేకపోతే బోర్డు కాలుతుంది, వారంటీ కూడా పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న కొన్ని ఆఫ్‌గ్రిడ్ ఇన్వర్టర్లకి మైనస్ ఎర్త్ చేయమని కంపెనీయే రాస్తుంది. అప్పుడు చేయండి, అదీ ఒక్కచోటే. మాన్యువల్‌లో ఆ బొమ్మ వెతకండి.

ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు, మైనస్ తేలుతుంటే బాడీకి ఎర్త్ ఎందుకు అని. ఆ జవాబు భవానీపురంలో చూశాం. అయితే తేలనివ్వడంలోనూ ఒక చిక్కు ఉంది. ప్లస్ కేబులు ర్యాకు అంచుకి ఒరుసుకుని తోలు లేచి ఇనుముకి తగిలిందనుకోండి. ఏమవుతుంది? ఏమీ కాదు! తిరిగి వెళ్లడానికి దారి లేదు కాబట్టి నిప్పురవ్వ లేదు, ఫ్యూజు పోదు, అలారం మోగదు. మొదటి తప్పు మూగది. నెలల తర్వాత ఎవరో స్పానరుతో మైనస్ విప్పుతూ ర్యాకుకి తాకిస్తారు. అప్పుడది షార్ట్ సర్క్యూట్. బ్యాటరీలో, కేబుళ్లలో కలిపి అడ్డు 20 మిల్లీ ఓమ్‌లు అనుకున్నా 2,500 ఆంపియర్లు. వెల్డింగ్ చేసే అన్నలున్నారు ఇక్కడ, వాళ్లకి 200 ఆంపియర్లంటే ఏమిటో తెలుసు. అందుకే బ్యాటరీ దగ్గరే డీసీకి తగ్గ ఫ్యూజు ఉండాలి. ఇంటి బోర్డులో వాడే ఏసీ ఎంసీబీ బ్రేకరు తెచ్చి పెట్టకండి. ఏసీ సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి బ్రేకరు తెరుచుకునే చోట లేచే మంట ఆరుతుంది. డీసీ సున్నాకి రాదు.

ఆ మూగ తప్పుని పట్టుకోవడం తేలికే. మీటరు డీసీలో పెట్టి ప్లస్‌కీ ర్యాకుకీ మధ్య ఒకసారి, మైనస్‌కీ ర్యాకుకీ మధ్య ఒకసారి చూడండి. ఒకటి నిలకడగా పూర్తి 52 చూపిస్తూ రెండోది సున్నా అంటే, సున్నా చూపించిన వైపు బాడీకి తగిలి ఉంది. మూడు నెలలకోసారి రెండు నిమిషాల పని.

ఇక కట్టడం సంగతి. నా ముందున్న ఈ ఖాళీ ర్యాకు చూడండి. చెవి మీద బోల్టు, బోల్టుకి లగ్గు, లగ్గుకి ఆకుపచ్చ వైరు. ముద్దుగా ఉంది. మీటరు బీప్‌లో పెట్టి చూస్తే వైరుకీ ర్యాకు ఇనుముకీ సంబంధమే లేదు. మధ్యలో పౌడర్ కోటింగ్. ఎర్త్ పెయింట్‌కి కట్టారు! బోల్టు పట్టే చోట పెయింట్ గీకాలి, తళతళలాడే ఇనుము కనపడాలి, స్టార్ వాషర్ వేసి బిగించాలి, పైన తుప్పు పట్టకుండా కాస్త గ్రీజు. బ్యాటరీ పెట్టె ర్యాకులోకి తోశాం కదా, అదే ఆనుకుంటుందిలే అనుకోవద్దు. పెట్టెకీ పెయింటే, ర్యాకుకీ పెయింటే. పెట్టె ముందు ఎర్త్ గుర్తుతో చిన్న స్టడ్ ఉంటుంది, దానికి కట్టాలి.

ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా కట్టడం నాకు నచ్చదు. మధ్య బ్యాటరీని సర్వీసుకి తీసిన రోజున కింది వాటికి ఎర్త్ పోతుంది, ఎవరికీ గుర్తుండదు. ర్యాకులో చిన్న రాగి బార్ పెట్టి, ఒక్కో పెట్టె నుంచి 6 స్క్వేర్ ఎంఎం, బార్ నుంచి మెయిన్ ఎర్త్‌కి 16 స్క్వేర్ ఎంఎం వేస్తాను నేను. ఇన్వర్టరు బాడీ కూడా ఆ బార్‌కే. ఈ మాట మీద కొందరు నాతో పోట్లాడతారు. డీసీకి ఒక ఎర్త్ గొయ్యి, ఏసీకి ఒక గొయ్యి, పిడుగు కడ్డీకి ఒక గొయ్యి అని తవ్వారు కదా, బ్యాటరీ డీసీ గొయ్యికే పోవాలి అంటారు. బారెడు దూరంలో ఉన్న రెండు ఇనుములు రెండు వేర్వేరు గోతులకి కడితే, పక్కవీధిలో పిడుగు పడ్డ రోజున ఆ రెండింటి మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు. ఒక చెయ్యి దీని మీద, ఒక చెయ్యి దాని మీద ఉన్నవాడి గతేమిటి? చేతికి అందే ఇనుమంతా ఒక్క బార్‌కి రావాలి. పిడుగు కడ్డీ వైరు మాత్రం బయట గోడ మీంచి దాని గొయ్యికి తిన్నగా దిగాలి, ఈ గదిలోకి రాకూడదు.

గొయ్యి అంటే మనవాళ్లకి ఉప్పూ బొగ్గూ పోస్తే అయిపోయిందని నమ్మకం. మన నేల ఒక్క తీరు కాదు. గుంటూరు వైపు నల్లరేగడి తడిగా ఉంటే బంగారం, మే నెలలో నెర్రెలిచ్చి పైపుని వదిలేస్తుంది. మొగల్రాజపురం, గుణదల కొండ వార రాయి, ఒక్క గొయ్యి చాలదు. ఏటి ఒడ్డు ఇసుక తడి ఉన్నంతసేపే. వానాకాలం కొలత చూసి మురిసిపోకండి, ఎండాకాలం కొలవండి.

సరే, గొయ్యి అడ్డు 5 ఓమ్‌లు వచ్చింది, భేష్. ఆ గొయ్యి మిమ్మల్ని కాపాడుతుందా? 230ని 5తో భాగించండి, 46 ఆంపియర్లు. 32 ఆంపియర్ల ఎంసీబీ 46 దగ్గర పడిపోవడానికి దాదాపు గంట తీసుకోవచ్చు. ఆ గంటసేపు బాడీ మీద కరెంటు ఉంటుంది. కాబట్టి లీకైన కరెంటుని పసిగట్టి టక్కున ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా ఎర్త్ ఒక్కటీ సగం పనే.

ఆ ఆర్‌సీసీబీకీ ఒక మెలిక ఉంది. వీధి కరెంటు ఉన్నప్పుడు న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలిసి ఉంటుంది. కరెంటు పోయి ఇన్వర్టరు బ్యాకప్‌లోకి వెళ్లగానే గ్రిడ్డు నుంచి విడిపోతుంది. న్యూట్రల్‌కి భూమితో సంబంధం తెగిపోతే, లీకైన కరెంటు తిరిగి వచ్చే దారి లేదు, ఆర్‌సీసీబీకి తెలియదు. మంచి హైబ్రిడ్లలో బ్యాకప్ వేళ న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపే రిలే, అంటే తనంతట తానే మారే స్విచ్చు, ఉంటుంది, సెట్టింగులో ఆన్ చేయాలి. అమెరికా వీడియోలు చూసి ఇంట్లో బోర్డులోనే ఆ రెండింటినీ శాశ్వతంగా కలిపేయకండి. వాళ్ల సరఫరా పద్ధతి వేరు. మన వీధిలో న్యూట్రల్ తెగిన రోజున మీ ఫ్రిజ్జు తలుపు షాక్ కొడుతుంది.

బుడమేరు వాగు వరద మాట కూడా అనేసి ఆపుతాను. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌లో కింది అంతస్తులు మునిగాయి. నీళ్లలో మునిగిన బ్యాటరీకి ఎంత గొప్ప ఎర్త్ ఉన్నా సాయం చేయదు, టెర్మినళ్లే నీళ్లలో ఉంటాయి కదా. వీలుంటే ర్యాకు మొదటి అంతస్తులో పెట్టించండి.

ఇప్పుడు మెయిన్ ఆపి, ఈ హాలుని బ్యాకప్ మీదకి మారుస్తున్నాను. ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, కంగారు పడకండి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే పడిపోతుంది కదా అంటారు. అది తన లోపలి దారిలోనే చూసుకుంటుంది, న్యూట్రల్ తేలుతున్నా పడిపోతుంది. అందుకని ప్లగ్గులో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెట్టాలి. సున్నా దగ్గర ఉంటే రిలే పనిచేస్తున్నట్టు. తమ్ముడూ, వెనక నీలం చొక్కా, నువ్వు రా. మీటరు ఏసీలో పెట్టు. ఎంత చూపిస్తోందో అందరికీ వినపడేలా చదువు.