సహాయకుడు ఎవరి తరఫున మాట్లాడాలి? వికలాంగుల సహాయకుల శిక్షణపై ఒంగోలు స్టూడియో చర్చ

(పాల్గొన్నవారు: విశ్రాంత సంక్షేమ అధికారి, నెల్లూరు నుంచి ఒక ఫిజియోథెరపిస్టు, కనిగిరి ప్రాంతానికి చెందిన వికలాంగ హక్కుల కార్యకర్త. కార్యకర్తకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు కష్టమయ్యే స్థితి) ఉంది, ఆమె మాట నిదానంగా వస్తుంది. మాటలు ఒకదానిపై ఒకటి పడిన చోట్ల వినబడినంత మేరకే రాశాం.)

సమన్వయకర్త: నమస్కారం. చక్రాల కుర్చీలో బ్యాంకుకు వచ్చిన ఒక ఖాతాదారుణ్ణి పలకరించకుండా, వెంట వచ్చిన సహాయకుడితోనే సిబ్బంది మాట్లాడి, ఆయన వద్దన్న డిపాజిట్ కాగితాలపై వేలిముద్ర వేయించారన్న వీడియో వారం రోజులుగా జిల్లాలో అందరి ఫోన్లలో తిరుగుతోంది. "నేను సంతకం పెట్టగలను" అని ఆయన మూడుసార్లు అనడం అందులో స్పష్టంగా వినబడుతోంది. సహాయకులకు ఎలాంటి శిక్షణ ఉంటే ఈ పరిస్థితి రాదన్నదే ఈరోజు చర్చ. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాను. అయితే ముందుగా నా సూటి ప్రశ్న ఒకటి ఉంది. పూర్తిగా మంచానికో కుర్చీకో పరిమితమైన వారికి 2024 జులై నుంచి నెలకు రూ.15,000 పింఛను అందుతోంది. ఆ సొమ్ము చివరికి ఎవరి చేతిలో పడుతోంది?

విశ్రాంత అధికారి: చాలా మంచి ప్రశ్న వేశారు. నేను సంక్షేమ శాఖలో ఉన్నన్నాళ్లూ చూసింది ఇదే. ఊళ్లో ఎవరు పడితే వారు కేర్‌టేకర్ అవుతున్నారు. నిన్నటి వరకు రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉన్న మనిషి ఈరోజు ఒక వికలాంగుడి ఏటీఎం కార్డు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. కాబట్టి సహాయకులందరినీ సచివాలయంలో నమోదు చేయించాలి, పోలీసు విచారణ జరిపించాలి, సర్టిఫికెట్ లేనివారిని ఇంటి గడప తొక్కనివ్వకూడదు. ఇది నేను మొదటి నుంచీ చెబుతున్న మాట.

కార్యకర్త: సార్, ఆ సర్టిఫికెట్ కోసం ఏం నేర్పుతారన్నదే...

విశ్రాంత అధికారి: అక్కడికే వస్తున్నానమ్మా. వికలాంగుల సంక్షేమం కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్టు కింద సహయోగి అనే పథకం ఉంది, సహాయకులకు శిక్షణ ఇవ్వడమే దాని పని. నేషనల్ ట్రస్టు చట్టం 1999 నాటిది, వికలాంగుల పునరావాస రంగంలో శిక్షణను నియంత్రించే పునరావాస మండలి చట్టం 1992 నాటిది. మన నెల్లూరులోనే సికింద్రాబాదులోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఆధ్వర్యంలో వికలాంగుల కోసం ప్రాంతీయ కేంద్రం నడుస్తోంది. చట్టాలున్నాయి, సంస్థలున్నాయి. లేనిదల్లా క్రమశిక్షణ.

సమన్వయకర్త: మేడమ్, నెల్లూరులో మీరు రోజూ ఇలాంటి కుటుంబాలను చూస్తుంటారు. సహాయకులు పింఛను సొమ్ము వాడుకోవడం మీ దృష్టికి వచ్చిందా?

ఫిజియోథెరపిస్టు: సొమ్ము సంగతి నాకు తెలియదండీ, భుజాల సంగతి తెలుసు. నా దగ్గరకు వచ్చే పక్షవాతం రోగులలో భుజం నొప్పి ఉన్నవారిని అడిగితే, చంకల కింద చేతులు పెట్టి పైకి లాగేవారని చాలామంది చెబుతారు. మంచం మీది నుంచి కుర్చీలోకి మార్చే ముందు బ్రేకులు వేయాలి, పాదాల పలకలు పైకి మడవాలి, కుర్చీని బలమున్న పక్కకు పెట్టాలి. కదలలేని మనిషిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పడక పుండ్లు పడతాయి. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో వెన్ను బిగుసుకుపోయిన వారిని మరింత జాగ్రత్తగా, నడుము మెలిపడకుండా ఒళ్లంతా ఒకేసారి తిప్పాలి. ఇవన్నీ చేతులతో చేయించి నేర్పాల్సిన పనులే తప్ప కాగితం మీద రాయించే పరీక్షలు కావు. వీటన్నిటికంటే ముందు నేర్పాల్సిన పని మరొకటి ఉంది. ముట్టుకునే ముందు "ఇప్పుడు లేపనా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి.

కార్యకర్త: అదే... ఆగడం. మేడమ్ చెప్పినదే నా మాట కూడా. నాకు ఒక వాక్యం పూర్తి చేయడానికి సమయం పడుతుంది. నా సహాయకురాలు మొదట్లో సగంలోనే అందుకుని...

విశ్రాంత అధికారి: అంటే ఆమె చెప్పేదేమిటంటే, ఓపిక ఉన్నవారినే తీసుకోవాలని. నూటికి నూరు పాళ్లు నిజం. అందుకే ఎంపిక ప్రభుత్వం చేతిలో ఉండాలంటున్నాను.

కార్యకర్త: నేను దానికి పూర్తిగా వ్యతిరేకమైన మాట చెప్పబోతున్నాను సార్. ఎంపిక నా చేతిలో ఉండాలి. స్వీడన్‌లో 1994 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం వ్యక్తిగత సహాయకుడి పనిని ఎలా నడపాలో చెప్పడంలో వికలాంగుడికి పెద్ద పాత్ర ఉంది...

విశ్రాంత అధికారి: స్వీడన్ జనాభా ఎంత, మన జనాభా ఎంత? 2011 లెక్కల ప్రకారమే మన దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులున్నారు.

కార్యకర్త: వికలాంగులు అంటే చాలు సార్.

విశ్రాంత అధికారి: చూశారా, గౌరవంగా పిలిచినా తప్పే. 2015లో ప్రధానమంత్రి సూచించిన మాట అది. మన రాష్ట్రంలో శాఖ పేరే విభిన్న ప్రతిభావంతుల సంక్షేమం. పేరు మారితే చూపు మారుతుందని నా నమ్మకం.

[పేర్ల మీద సుమారు ఐదు నిమిషాల వాదన జరిగింది. కార్యకర్త అందులో రెండు మాటలే అనగలిగారు.]

సమన్వయకర్త: మళ్లీ విషయానికి వద్దాం. విషయం పింఛను. వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ల పునఃపరిశీలన, నోటీసులు, జిల్లాలో ఆందోళనలు మనం చూశాం. ఇంత వివాదాస్పదమైన సొమ్ముపై నిఘా లేకపోతే ఎలా?

ఫిజియోథెరపిస్టు: అది వేరే చర్చ అండీ. పరిశీలన పేరుతో మంచం మీది మనిషిని ఆసుపత్రికి మోసుకు రమ్మంటే, ఆ మోసేవారికి శిక్షణ ఉందా అని అడగండి, అప్పుడు మన చర్చలోకి వస్తుంది.

సమన్వయకర్త: కందుకూరు నుంచి ఒక తల్లి ఫోన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

ఫోన్‌లో తల్లి: నమస్కారమండీ. మా అబ్బాయికి 22 ఏళ్లు, బుద్ధిమాంద్యం ఉంది. నిరుటి దాకా చొక్కా నేనే తొడిగేదాన్ని. ఇంటికి వచ్చే శిక్షకురాలు గుండీలన్నీ తాను పెట్టి చివరిది మాత్రం వాడి చేత పెట్టించింది. అది వచ్చాక చివరి రెండూ, తర్వాత మూడూ. నాలుగు నెలలకు చొక్కా అంతా వాడే వేసుకుంటున్నాడు. ఆ అమ్మాయి మొదట నేర్పింది వాడికి కాదండీ, నాకు. పక్కన కూర్చుని చేతులు కట్టుకోమంది. వాడు తడబడుతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను.

సమన్వయకర్త: మంచిది. అమ్మా, మీ అబ్బాయి పింఛను ఎవరు తీసుకుంటారు?

ఫోన్‌లో తల్లి: సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చి ఇస్తారండీ, 6,000. నేను అడగాలనుకున్నది ఏమిటంటే, నా తర్వాత వాడికి ఎవరు...

[లైన్ తెగిపోయింది.]

విశ్రాంత అధికారి: ఆ తల్లి అడగబోయిన దానికి జవాబు నా దగ్గర ఉంది. నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది, అది చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి, అంటే గార్డియన్‌ను నియమిస్తుంది. సంరక్షకుడు ఉంటే బ్యాంకు ఘటన జరిగేదే కాదు.

కార్యకర్త: సార్, దయచేసి... ఇది పూర్తి చేయనివ్వండి. ఆ బ్యాంకుకు వచ్చినాయనకు సంరక్షకుడు అవసరం లేదు, ఆయనకు సంతకం వచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ చదవండి. ఆర్థిక, చట్టపరమైన విషయాలలో వికలాంగులకు అందరితో సమానమైన సామర్థ్యం ఉందని అది చెబుతోంది. సహాయం చేసేవారు అనుచితమైన ఒత్తిడి తేకూడదు, స్వేచ్ఛనూ గౌరవాన్నీ గోప్యతనూ కాపాడాలి. డబ్బు వ్యవహారంలో సహాయకుడి ప్రయోజనానికీ ఆ మనిషి ప్రయోజనానికీ పొత్తు కుదరకపోతే, ఆ వ్యవహారంలో సహాయకుడు తప్పుకోవాలి. శిక్షణలో మొదటి పాఠం ఇది కావాలి. అదే చట్టం 47వ సెక్షన్ స్వతంత్ర జీవనంలో కుటుంబాలకూ సహాయకులకూ శిక్షణ ఇవ్వమంటోంది, 24వ సెక్షన్ ఎక్కువ తోడ్పాటు కావలసిన వారికి సహాయకుడి భత్యం గురించి చెబుతోంది. ఆ శిక్షణ ఇచ్చేవారిలో వికలాంగులు ఉండాలి. చూపు లేని మనిషిని రోడ్డు దాటించేటప్పుడు చెయ్యి పట్టుకుని లాగకూడదు, ఆయనే మన మోచేయి పట్టుకుంటాడు, మనం అర అడుగు ముందు నడవాలి. ఇది చూపు లేనివారు నేర్పితే...

విశ్రాంత అధికారి: సెక్షన్లు నాకు నేర్పకమ్మా, నేను అమలు చేసినవాణ్ణి. దానికి ముందున్న 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, 2016లో 21 చేశారు. ఈ 21 రకాలకూ వేర్వేరు శిక్షణ ఎవరిస్తారు? వికలాంగులే శిక్షకులు కావాలంటే వారికి శిక్షణ ఎవరిస్తారు? ఇదంతా వినడానికి బాగుంటుంది. ముందు రిజిస్ట్రేషన్, తర్వాత పోలీసు విచారణ, ఆ తర్వాత సర్టిఫికెట్. ఈ మూడూ లేకుండా ఒక్క అడుగు పడదు.

ఫిజియోథెరపిస్టు: రిజిస్ట్రేషన్ ఉన్న మనిషి కూడా భుజం విరగ్గొట్టగలడు సార్.

విశ్రాంత అధికారి: అప్పుడు రిజిస్ట్రేషన్ రద్దు చేస్తాం!

[ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. అధికారి గొంతు మాత్రమే రికార్డయింది.]

సమన్వయకర్త: సార్ బలమైన వాదన వినిపించారు. నా ప్రశ్నకు దగ్గరగా ఉన్నదీ అదే. సొమ్ముపై నిఘా ఉండాలంటే నమోదు తప్పదు కదా. సమయం అయిపోవస్తోంది. అమ్మా, ఒక్క వాక్యంలో ముగించండి.

కార్యకర్త: శిక్షణ పూర్తయిన సహాయకుణ్ణి... పరీక్షించాల్సింది... అధికారి కాదు, అతని సాయంతో...

సమన్వయకర్త: సార్, ఆమె ఉద్దేశమేమిటో మీరు క్లుప్తంగా చెప్పండి, ప్రేక్షకులకు అర్థమవుతుంది.

విశ్రాంత అధికారి: ఆమె చెప్పేదీ నేను చెప్పేదీ ఒకటే. సహాయకులకు కట్టుదిట్టమైన రిజిస్ట్రేషన్ కావాలి.

కార్యకర్త: నేను అలా అనలేదు.

సమన్వయకర్త: ముగ్గురికీ ధన్యవాదాలు. విరామం తర్వాత జిల్లా వార్తలు.