గడియ ఎక్కడుందో చూశారా?

అధ్యక్షులవారికి, గ్రంథాలయ కమిటీ పెద్దలకు, వెనక నిలబడిపోయిన పిల్లలకు నమస్కారం. కూర్చోండమ్మా, ముందు చాప ఖాళీగానే ఉంది. గ్రంథాలయ వారోత్సవాలు కనక పుస్తక పఠనం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ ఈమధ్యే అండమాన్ వెళ్ళొచ్చాను. ముందు అది చెప్పకపోతే నాకు వేరే మాట పెగలదు.

పోర్ట్ బ్లెయిర్ సెల్యులార్ జైలు. 1896లో మొదలెట్టి 1906కి పూర్తిచేశారు. మధ్యలో బురుజు, చుట్టూ ఖైదు గదులతో ఏడు బారులు. ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక బారు ముఖం ఇంకో బారు వీపు వైపు ఉంటుంది. ఎదుటి ఖైదీ కంటపడకూడదని అలా కట్టారు.

ఖైదు గది తలుపు గడియ చూశాను. తలుపు మీద ఉండదది! పక్కన గోడలో గూడు చేసి, అందులో పెట్టారు. లోపల నిలబడి ఊచల్లోంచి చెయ్యి చాచాను. నా చెయ్యి పొడుగే, అయినా అందలేదు. దీన్ని గీసినవాడు ఎంత తీరిగ్గా ఆలోచించాడో! గానుగ తిప్పి రోజుకి 30 పౌన్ల కొబ్బరినూనె తియ్యమనేవారు, తగ్గితే దెబ్బలు. అదొక క్రూరత్వం. కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఆ గడియే.

ఇంతలో మా టూరు మేనేజరు విజిలు. "భోజనాల టైమైందండీ!" అండమాన్ దాకా తీసుకెళ్ళి, ఆ జైలుకి గంట కేటాయించాడు మహానుభావుడు. పోనీ ఆ గంటైనా... ఉరికంబం దగ్గర మనవాళ్ళే, తెలుగువాళ్ళే, తాడు పక్కన తల వంచి నాలిక బయటపెట్టి ఫోటోలు. చెప్పకూడదు గానీ, అరిచాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది.

1933 మే నెలలో అక్కడ నిరాహారదీక్ష జరిగింది. భగత్ సింగ్ సహచరుడు మహావీర్ సింగ్‌కి ముక్కులో గొట్టం పెట్టి బలవంతాన పాలు పోశారు. ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయాడు. ఆ దీక్షలోనే ఇంకో ఇద్దరు పోయారు. ఫోటోకి నవ్వే చోటా అది? మీరే చెప్పండి.

మన నర్సీపట్నం వాళ్ళకి ఇది పరాయి కథ కూడా కాదు. గాం మల్లుదొరని ఎక్కడికి పంపారు? అండమాన్‌కే. అల్లూరి పక్కన నడిచిన మనిషి. తిరిగొచ్చి 1952లో మన విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్ళాడు. ఇందాక ఆ పిల్లల్ని అడిగాను, ఒక్కరికీ తెలీదు. తప్పు వాళ్ళది కాదు, మనం చెప్పలేదు.

పుస్తక పఠనం అన్నారు కదా, వస్తున్నా. కార్యదర్శిగారూ, ఒక ఖాళీ నోటుబుక్కు ఇక్కడ బల్ల మీద పెట్టించండి. చింతపల్లి, కృష్ణదేవిపేట వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు ఈ సభలో. మన్యం పోరాటంలో జైలుకెళ్ళిన తాతలు మీ ఇళ్ళల్లో ఉంటే ఆ పేరు, ఊరు రాయండి. ఏ జైలో తెలీకపోయినా ఫరవాలేదు. ఫోటో అక్కర్లేదు. రాయడం రాకపోతే నాకు చెప్పండి, చీకటిపడే దాకా ఇక్కడే ఉంటాను.