లిస్టు చదువుకునేది, ఇన్‌స్టాల్ చేసేది కాదు

శ్రోతలకు నమస్కారం.

ఫోన్‌లో జరిగే మోసాల గురించి మాట్లాడమన్నారు. వైరస్, స్పైవేర్, స్పామ్ అని వీటికి చాలా పేర్లున్నాయి. ఆ పేర్ల జోలికి నేను పోను. ఉన్న కొద్దిసేపట్లో మా చిన్నాయనకు జరిగింది చెబుతాను. ఆయనను అడిగి, ఆయన సరేనన్నాకే చెబుతున్నాను.

మాది నల్లగొండ దగ్గర ఒక పల్లె. చిన్నాయనకు బత్తాయి తోట ఉంది. కాయ అమ్మిన డబ్బు బ్యాంకులో వేసుకున్నాడు. నాలుగు నెలలకోసారి పడే పీఎం కిసాన్ 2,000 మాత్రం ఒక విడత ఆగిపోయింది. అందరికీ పడింది, నాకెందుకు పడలేదని ఆయనకు ఒకటే టెన్షన్. సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో ఊరి గ్రూపులోకి ఒక ఫైల్ వచ్చింది. పేరు పీఎం కిసాన్ లిస్ట్. పంపింది పక్క చెలక ఆయన. పొద్దున లేస్తే ముఖం చూసుకునే మనిషి.

"తెలిసినోడే కదా బిడ్డా పంపింది" అన్నాడు చిన్నాయన తర్వాత నాతో. మోసపోయినవాళ్ల నోట ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. తెలిసినోడే కదా పంపింది.

రాత్రి అన్నం తిని, మంచం మీద కూర్చుని ఆ ఫైల్ నొక్కాడు. ఫోన్ వెంటనే తెరవలేదు. ఇలాంటి ఫైల్ వల్ల ఫోన్‌కు హాని జరగవచ్చని ఇంగ్లీషులో, సన్నటి అక్షరాలతో అడ్డుపడింది. అద్దాలు లేకుండా అదెవరు చదువుతారు? కింద ఏది కనబడితే అది నొక్కుకుంటూ పోయాడు. ఇన్‌స్టాల్. అలౌ. మళ్లీ అలౌ. అప్పుడొక పేజీ తెరుచుకుంది. పైన ప్రభుత్వ ముద్ర, కింద పచ్చటి వరిపొలం. ఆధార్ నంబర్ అడిగింది, ఇచ్చాడు. ఒక్క రూపాయి కడితే కేవైసీ అయిపోతుందని ఏటీఎం కార్డు నంబర్ అడిగింది, ఇచ్చాడు. కార్డు వెనక మూడంకెలు అడిగింది. లేచి వెళ్లి, దండేనికి ఉన్న చొక్కా జేబులోంచి కార్డు తీసి, వెనక్కి తిప్పి, దీపం కింద పట్టుకుని చూసి మరీ కొట్టాడు. ఆ తర్వాత తెర మీద ఒక గుండ్రం తిరుగుతూనే ఉంది. నెట్ లేదనుకుని పడుకున్నాడు.

తెల్లారి కూలోళ్లకు ఇద్దామని ఏటీఎంకు పోతే అకౌంట్‌లో ఏమీ లేదు. 86,000 పోయాయి, మూడు దఫాలుగా. రెండు వేల కోసం.

"ఓటీపీ నేను ఎవ్వరికీ చెప్పలే బిడ్డా!" అన్నాడు. నిజమే. చెప్పాల్సిన అవసరమే లేదు. రెండోసారి నొక్కిన అలౌ ఉంది చూడండి, అది ఆయన మెసేజ్‌లు చదువుకోవడానికి ఆ దొంగ యాప్‌కు ఇచ్చిన అనుమతి. బ్యాంకు పంపిన ఓటీపీ వచ్చింది వచ్చినట్టే వాళ్లకు చేరిపోయింది. పక్క చెలక ఆయన కూడా ఏమీ పంపలేదు. ఆయన ఫోన్‌లోకి అంతకుముందే ఇదే దూరింది. ఆయన వాట్సాప్‌ను వాళ్లు చేతిలోకి తీసుకుని, ఆయన పేరుతో గ్రూపులన్నిటికీ పంపారు. అందుకే తెలిసినవాళ్ల నుంచి వచ్చిందని ధైర్యపడకండి. పెళ్లిపత్రికైనా అంతే, బండి చలానా అయినా అంతే.

మరి ఎట్లా గుర్తుపట్టాలి? నేను ఒక్కటే చెబుతాను. లిస్టు చదువుకునేది. పత్రిక చదువుకునేది. చలానా చదువుకునేది. చదువుకునేదాన్ని ఎవరూ ఇన్‌స్టాల్ చేయరు. ఫైల్ పేరు చివర చుక్క పెట్టి ఏ, పీ, కే అని ఉంటే అది కాగితం కాదు, యాప్. ఇన్‌స్టాల్ అనే మాట కనబడగానే ఆగిపోండి. ఇంకో సంగతి, మనకు డబ్బు వేసేవాళ్లకు అకౌంట్ వివరాలు చాలు. కార్డు వెనక మూడంకెలు కావాల్సింది తీసుకునేవాళ్లకే.

చిన్నాయన విషయంలో నాకు ఎక్కువ బాధ ఎక్కడంటే, ఏటీఎం దగ్గర్నుంచి ఇంటికొచ్చి రెండు గంటలు ఎవ్వరికీ చెప్పలేదు. చిన్నమ్మ ఏమంటుందో అని తోటలో కూర్చున్నాడు. ఆ రెండు గంటల్లో డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కు పోతూనే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా ఇట్లా జరిగితే దయచేసి తిట్టకండి. ముందు ఆ ఫోన్‌లో నెట్ ఆపి, సిమ్ తీసేయండి. ఇంకో ఫోన్ నుంచి సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి. ఒకటి, తొమ్మిది, మూడు, సున్నా. తర్వాత బ్యాంకుకు చెప్పండి. మేము అట్లా చేశాకే కొంత డబ్బు మధ్యలో ఆగింది. అది కోర్టు ద్వారా తర్వాత చేతికొచ్చింది, మిగతాది రాలేదు. చిన్నాయన ఫోన్‌ను మొత్తం తుడిచి మళ్లీ కొత్తగా పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్ చేతిలో ఉన్నవాళ్లు ఒక్క పని చేయండి. సెట్టింగ్స్ తెరవండి. పైన వెతికే చోట 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అని కొట్టండి. రాకపోతే పిల్లలను పిలవండి. మీ యాప్‌ల పేర్లు వరసగా వస్తాయి. వాట్సాప్ పేరు చూడండి, క్రోమ్ పేరు చూడండి. పేరు కింద 'నాట్ అలౌడ్' అని ఉండాలి. 'అలౌడ్' అని ఉంటే దాన్ని నొక్కి ఆపేయండి. మీదయ్యాక ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ కూడా అడిగి తీసుకుని చూడండి.

నమస్కారం.