అప్రైజల్ అయ్యాక అప్లై చేద్దామా?

తమ్ముడు: అందరికీ నమస్తే. ఈ వారం రికార్డింగ్ కూకట్‌పల్లిలో, మా పెద్దమ్మ వాళ్ల డైనింగ్ టేబుల్ మీద. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమీ అనుకోకండి. ఎదురుగా మా అక్క ఉంది. ఆరేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేసి, ఆ తర్వాత ఏడాది ఎంబీఏ చేసి, ఇప్పుడు ప్రొడక్ట్ మేనేజర్‌గా ఉంది.

అక్క: హాయ్. వీడు అసలు సంగతి దాస్తున్నాడు. పాడ్‌కాస్ట్ పేరు చెప్పి ఫ్రీగా కౌన్సెలింగ్ కొట్టేద్దామని వచ్చాడు.

తమ్ముడు: (నవ్వు) ఒప్పుకుంటున్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్ల ఎనిమిది నెలలయ్యింది. మా టీమ్‌లో ముగ్గురు ఎంబీఏ ప్రిపరేషన్‌లో ఉన్నారు. లంచ్‌లో అదే మాట, టీకి వెళ్తే అదే మాట. నాకూ టెన్షన్ మొదలైంది. అందుకే ముందు అప్రైజల్ చూసుకుని, ఆ తర్వాత అప్లై చేద్దామనుకుంటున్నా.

అక్క: హైక్ బాగా వస్తే మానేస్తావా?

తమ్ముడు: అంటే… ఏమో.

అక్క: అయితే నీకు మీ మేనేజర్ మీద కోపం వచ్చిందంతే. దానికి 40 లక్షలు ఎందుకురా, కంపెనీ మారితే సరిపోతుంది.

తమ్ముడు: 40 లక్షలా?

అక్క: గచ్చిబౌలిలో ఐఎస్‌బీ అని బిజినెస్ స్కూల్ ఉంది కదా, ఆ ఏడాది కోర్సుకి హాస్టల్‌తో కలిపి ఆ చుట్టుపక్కలే అవుతుంది. ఆ ఏడాది నీకు రాని జీతం దీనికి అదనం. అందరూ ఫీజు లెక్క వేస్తారు, పోయే జీతం లెక్క మర్చిపోతారు.

తమ్ముడు: నువ్వు ఎప్పుడు నిర్ణయించుకున్నావ్?

అక్క: రెండుసార్లు నిర్ణయించుకున్నా. మొదటిసారి నీలాగే. బీటెక్ ఫ్రెండ్స్ ఇద్దరికి సీట్లొచ్చాయని వాట్సాప్‌లో చూసి అప్లై చేశా. ఇంటర్వ్యూ దాకా వెళ్లా. లోపల ఒకాయన చాలా మామూలుగా అడిగారు: "రేపటి నుంచి మీరు ఆఫీసుకి రాకపోతే ఏ పని ఆగిపోతుందమ్మా?" నాకు నోట మాట రాలేదు. నాలుగేళ్లు పనిచేశాను, ఆగిపోయే పని ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు. ఏదో టీమ్ వర్క్ అనీ, అదనీ ఇదనీ చెప్పా. ఆయన తల ఊపారు. నాకు అక్కడే అర్థమైపోయింది.

తమ్ముడు: రిజెక్ట్.

అక్క: రిజెక్ట్. ఇంటికొచ్చి రెజ్యూమే తీసి చూస్తే ప్రతి లైనూ "ఫలానా మాడ్యూల్‌లో పాల్గొన్నాను", "ఫలానా ప్రాజెక్టుకు సహకరించాను". పెళ్లికి వెళ్లి భోంచేసి వచ్చినట్టుంది.

తమ్ముడు: నాదీ అచ్చం అలాగే ఉంది.

అక్క: చూశాలే. సరే, ఆ తర్వాత మళ్లీ అప్లై చేయడానికి ఏడాదిన్నర ఆగా. ఈలోపు ఒకటి జరిగింది. మా క్లయింట్ ఒక బ్యాంకు. నెలాఖరున లెక్కలు సరిపోల్చే రిపోర్టు ఒకటి మా సిస్టమ్ నుంచి వెళ్లేది. "రిపోర్టు తప్పుగా వస్తోంది" అని ప్రతి నెలా టికెట్, అంటే కంప్లైంట్, వచ్చేది, మేము చూసి "సిస్టమ్ కరెక్టే" అని మూసేసేవాళ్లం. ఒకసారి చెన్నైలో వాళ్ల ఆఫీసుకి పంపారు. అక్కడ యాభై ఏళ్లు దాటిన ఒకావిడ ఆ రిపోర్టు ప్రింటు తీసుకుని, లైను కింద చెక్క స్కేలు పెట్టి, ఒక్కో లైనూ పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ వెళ్తోంది. రెండు రోజుల పని. ఎందుకమ్మా అంటే, మా రిపోర్టులో తేదీ ముందు నెల, తర్వాత రోజు వచ్చేదట. వాళ్ల రికార్డుల్లో ముందు రోజు, తర్వాత నెల. ఐదో నెల ఆరో తారీఖు, ఆరో నెల ఐదో తారీఖు కలిసిపోయేవి.

తమ్ముడు: ఇంతేనా?

అక్క: ఇంతే. నేను రాసిన కోడ్ ముప్పై లైన్లు కూడా ఉండదు. కానీ ఆవిడ పక్కన రెండు రోజులు కూర్చోకపోతే తెలిసేదే కాదు. ఆ తర్వాత ఆ పని ఒక మధ్యాహ్నంలో అయిపోయేది. రెండోసారి అప్లికేషన్‌లో నేను రాసింది ఆ స్కేలు గురించే. కోడ్ రాయడం కన్నా, ఎవరికి ఏం కావాలో కనుక్కోవడం నాకు ఇష్టమని అక్కడే తెలిసింది. అందుకే ప్రొడక్ట్ వైపు వెళ్లాలి, దానికి బిజినెస్ చదవాలి అనుకున్నా.

తమ్ముడు: మరి నాకలాంటి స్కేలు దొరికేదాకా ఆగాలా?

అక్క: నీకు దొరికిందో లేదో నీకే తెలియదు. దానికి నేనొక పరీక్ష పెట్టుకున్నా. సిఫార్సు లెటర్ మన మేనేజరే కదా రాయాలి. టీ తాగేటప్పుడు అడిగా, "సార్, రాయాల్సి వస్తే నా గురించి ఏం రాస్తారు?" అని. కాసేపు ఆలోచించి, "చాలా హార్డ్ వర్కింగ్, టైమ్‌కి వస్తావు" అన్నారు. ఆ ఏడాది అప్లై చేయలేదు.

తమ్ముడు: అయ్యో! (నవ్వు)

అక్క: నవ్వకు. మరుసటేడు అదే మనిషి నేను అడక్కుండానే చెన్నై సంగతి ఎత్తారు. అప్పుడు ఎంబీఏ ఎంట్రన్స్ కోసం జీమ్యాట్ బుక్ చేశా.

తమ్ముడు: ఆ, పరీక్షల దగ్గరికొద్దాం. క్యాటా, జీమ్యాటా?

అక్క: క్యాట్ అంటే ఐఐఎంల ఎంట్రన్స్, ఏడాదికి ఒక్కసారే, మామూలుగా నవంబరు చివర్లో ఒక ఆదివారం. ఆ స్కోరు ఆ సీజన్‌కే. ఆ రోజు జ్వరమొచ్చినా, ముందు రోజు రాత్రి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్నా, మళ్లీ ఏడాది ఆగాల్సిందే. పైగా ఐఐఎంలు షార్ట్‌లిస్టులో పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు కూడా లెక్కేస్తాయి. ఒక్కోచోట ఒక్కో లెక్క.

తమ్ముడు: ఇంటర్‌లో నాకు 968 కదా.

అక్క: బీటెక్‌లో రెండు బ్యాక్‌లాగులు కూడా చెప్పు.

తమ్ముడు: అది ఎడిటింగ్‌లో తీసేస్తా.

అక్క: తీసేయకు, వినేవాళ్లలో సగం మందికి ఉంటాయి. ఇక జీమ్యాట్. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. డేటు మనమే ఎంచుకోవచ్చు, సరిగ్గా రాకపోతే పదహారు రోజులాగి మళ్లీ రాయొచ్చు. ఇప్పుడున్నది 2023 నవంబరులో మొదలైన కొత్త రకం. మూడు సెక్షన్లు, ఒక్కోటి 45 నిమిషాలు, స్కోరు 205 నుంచి 805 దాకా. మీ సీనియర్లు "700 దాటాలి" అంటారు చూడు, అది పాత స్కోరు లెక్క. పర్సంటైల్ ప్రకారం కొత్తదాంట్లో 645 దాదాపు దానికి సమానం. ఇది తెలియక 655 వచ్చిన కుర్రాడు ఒకడు నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. ఉద్యోగం చేసేవాడికి నా సలహా ఇదే. ప్రాజెక్టు కాస్త చల్లబడ్డప్పుడు జీమ్యాట్ రాసి పెట్టుకో. ఎప్పుడు అప్లై చేయాలన్నది తర్వాత.

తమ్ముడు: అమెరికా అయితే?

అక్క: అక్కడ అప్లికేషన్లు రౌండ్లుగా తీసుకుంటారు. రౌండ్ వన్ గడువు సెప్టెంబరులో, మన వినాయక చవితి హడావిడిలో. రౌండ్ టూ చాలా స్కూళ్లకి జనవరి మొదటి వారంలో, సంక్రాంతికి ఊరెళ్లే లోపు అయిపోతుంది. మూడో రౌండు మనకి దాదాపు దండగ. సీట్లు తక్కువ మిగులుతాయి, వీసాకి టైమ్ చాలదు. ఆ కోర్సు మళ్లీ ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతుంది. అంటే ఇవాళ "ఎంబీఏకి వెళ్తా" అన్నవాడు నిజంగా క్లాసులో కూర్చునేసరికి ఏడాదిన్నర పడుతుంది. దానికి తోడు, అక్కడ ఉద్యోగం చేయడానికిచ్చే హెచ్1బీ వీసా కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజంటూ 2025 సెప్టెంబరులో పెట్టారు. అప్పు చేసి అమెరికా వెళ్లేవాళ్లు ముందు అది చూసుకోవాలి.

తమ్ముడు: ఏడాది కోర్సు, రెండేళ్ల కోర్సు?

అక్క: ఇది మాత్రం నిదానంగా ఆలోచించు. రెండేళ్ల కోర్సులో మధ్యలో సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఉంటుంది. నీలాంటి కోడర్ మార్కెటింగ్‌కో, ఫైనాన్స్‌కో మారాలంటే ఆ రెండు నెలలే ఆధారం. ఐఎస్‌బీ లాంటి ఏడాది కోర్సులో అది ఉండదు, పాత అనుభవాన్ని చూపించే కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి. నాకు బ్యాంకింగ్ క్లయింట్లే ఉన్నారు, బ్యాంకింగ్ ప్రొడక్టుకే వెళ్లా కాబట్టి సరిపోయింది. అహ్మదాబాద్ ఐఐఎం ఏడాది కోర్సుకైతే కనీసం నాలుగేళ్ల అనుభవం కావాలి, నీకు ఇంకా టైముంది.

తమ్ముడు: ఉద్యోగం మానకుండా చేయలేమా?

అక్క: చేయొచ్చు. సత్య నాదెళ్ల గారు చేసిందదే కదా. మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినాయన. 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరాక, వారాంతాల్లో విమానమెక్కి చికాగో వెళ్లి 1997లో ఎంబీఏ పూర్తి చేశారు. నువ్వు శనివారం పదింటికి గానీ లేవవు, అది వేరే సంగతి.

తమ్ముడు: నాన్నేమో ప్లాటు అమ్ముదామంటున్నాడు.

అక్క: బాబాయ్‌ని ఆ ప్లాటు జోలికి వెళ్లొద్దను. పేరున్న కాలేజీలకు తాకట్టు లేకుండా బ్యాంకులు లోనిస్తాయి. ఎస్‌బీఐలో స్కాలర్ లోన్ అని దీనికోసమే ఉంది. వడ్డీ మాత్రం చదువుతున్నప్పుడు కూడా నడుస్తూనే ఉంటుంది, అది చెప్పకుండా దాచకు. నాకు అప్పుడు 27. లోన్ కన్నా పెద్ద గొడవ వేరే. అమ్మ రెండు సంబంధాలు వాయిదా వేసింది, బంధువులు ఫోన్ చేసి మరీ అడిగేవాళ్లు. నీకా బాధ ఇంకో మూడేళ్లు ఉండదులే, మగపిల్లాడివి.

తమ్ముడు: అంటే ఈ సెప్టెంబరు వద్దంటావ్?

అక్క: నేనేమీ అనట్లేదు. సోమవారం మీ మేనేజర్‌ని టీకి తీసుకెళ్లి, నీ గురించి ఏం రాస్తాడో అడుగు. విని నాకు ఫోన్ చెయ్.

తమ్ముడు: సోమవారం ఆయన లీవులో ఉన్నాడక్కా.

అక్క: అయితే మంగళవారం. మూడో విజిల్ కూడా వచ్చింది, ఆపు ఇంక. పప్పు చల్లారితే అమ్మ ఊరుకోదు.